ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, మరి బండి ఎందుకు కాగుతోంది?

మార్చి దాటితే చాలు, మా మార్కాపురంలో ఏ మెకానిక్ షెడ్డు ముందు చూసినా బానెట్ ఎత్తి పెట్టిన డీజిల్ బండి ఒకటి కనిపిస్తుంది. ఏమైందని అడిగితే ఒకటే జవాబు, "హీట్ ఎక్కుతోంది". ఆ తర్వాత అనుమానాలు కూడా ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయి. ముందు కూలెంట్ మారుస్తారు. తగ్గకపోతే థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి కూలెంట్‌కు దారి తెరిచే వాల్వు, పీకేస్తారు. ఆపైన రేడియేటర్ విప్పి రాడింగ్ చేయిస్తారు, అంటే గొట్టాల్లో కమ్మీ దూర్చి పూడిక తీయిస్తారు. అదీ కాకపోతే వాటర్ పంపు. ఫ్యాన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ ఒక్క చూపు చూసి "తిరుగుతోంది కదా" అని వదిలేస్తారు.

ఆ మాట దగ్గరే నా అభ్యంతరం. ఇంజినే ఫ్యాన్‌ను తిప్పే బండ్లలో ఫ్యాన్ తిరగడం వేరు, గాలి లాగడం వేరు. ఆ రెంటికీ మధ్య ఒక భాగం ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని ఫ్యాన్ క్లచ్ అంటారు. మా వైపు షెడ్లలో ఫ్యాన్ కప్లింగ్ అంటారు, విస్కస్ అని కూడా అంటారు. ఈ వేసవిలో మా బండిని ఇబ్బంది పెట్టింది అదే. దాన్ని పట్టుకోవడానికి ఏం చేశామో, ఏం చూశామో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి బండి ఉన్నవాళ్లకు ఒక రేడియేటర్ ఖర్చు మిగిలినా నాకు సంతోషమే.

మాది 2013 మోడల్ డీజిల్ బండి, ఏడు సీట్లది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇందులో కంపెనీ చేసిన తప్పేమీ లేదు. సీలు, బేరింగు ఉన్న ఏ వస్తువైనా పదేళ్లు దాటాక అరుగుతుంది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా ఇంట్లో బండి నడిపేదీ, దాని బాగోగులు చూసేదీ నేనే. శివరాత్రికో, చుట్టాలు వచ్చినప్పుడో పెద్దదోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లడం మాకు మామూలు. ఆ దారిలో దాదాపు 50 కిలోమీటర్లు నల్లమల ఘాట్. లోడు లారీ వెనక ఇరుక్కున్నామంటే సెకండ్ గేరులో పాకాల్సిందే. ఇంజిన్ చల్లబడే ఏర్పాటు ఎంత బాగుందో తేల్చి చెప్పే రోడ్డు అది.

ముందుగా తేడా కనిపించింది ఏసీలో. రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు చల్లగానే ఉండేది. రైల్వే గేటు దగ్గర ఆగితే రెండు నిమిషాల్లో గోరువెచ్చటి గాలి. కదిలితే మళ్లీ చల్లన. చాలామంది ఇక్కడే గ్యాస్ తగ్గిందనుకుని ఏసీ షాపుకు పోతారు. గ్యాస్ బాగా తక్కువైతే మామూలుగా పోతున్నప్పుడు కూడా చల్లదనం తగ్గుతుంది. ఆగినప్పుడు మాత్రమే తగ్గుతోందంటే, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ మీదుగా గాలి పోవడం లేదేమోనని ముందు అనుమానించాలి. కండెన్సర్ ఉండేది రేడియేటర్‌కు ముందు. రెంటికీ గాలి లాగాల్సింది వెనకున్న ఆ ఒక్క ఫ్యానే. కొన్ని బండ్లకు ముందువైపు అదనంగా ఒక కరెంటు ఫ్యాన్ ఉంటుంది, మాదానికి లేదు.

ఆ తర్వాత దోర్నాల ఘాట్‌లో సంగతి తేలింది. లారీ వెనక పాకుతుంటే మీటరు ముల్లు మధ్య గీత దాటింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ కాలపు చాలా బండ్లలో ఉష్ణోగ్రత ముల్లు నిజం పూర్తిగా చెప్పదు. మామూలుగా నడిచే వేడిలో కొంత మేర, కొన్ని బండ్లలో 20 డిగ్రీల పైనే, అది కదలకుండా మధ్యలోనే నిలబడేలా తయారు చేస్తారు, డ్రైవరుకు ఊరికే టెన్షన్ ఎందుకని. కాబట్టి ముల్లు కదిలిందంటే వేడి అప్పటికే చాలా పైకి పోయినట్టు. నేను స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో, అంటే బండి కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్‌లో, పెట్టే చిన్న బ్లూటూత్ డాంగిల్ వాడతాను, కూలెంట్ వేడి ఫోన్‌లో అంకెల్లో కనిపిస్తుంది. ఆ రోజు అది 107 డిగ్రీలు చూపించింది. ఏసీ దానంతటదే ఆగిపోయింది. పక్కన కూర్చున్న మామయ్య, "ఆపెయ్ అమ్మా, రేడియేటర్ మూత తీసి నీళ్లు పోద్దాం" అన్నాడు. మూత జోలికి వెళ్లనివ్వలేదు. ఆ వేడిలో లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్లు మూత తీయగానే ఆవిరై ముఖం మీదికి లేస్తాయి. ఏసీ స్విచ్ ఆపి, హీటరు పూర్తి వేడిలో పెట్టి, బ్లోయరు నాలుగులో పెట్టి, కిటికీలు దించాను. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత అది లాగేస్తుంది. మలుపు దాటాక చోటు దొరికింది. పక్కకు తీసి, ఇంజిన్ ఆపకుండా ఐడిల్‌లో ఉంచాం. 98కి దిగింది. మామయ్యకు చెమటలు కారిపోయాయి గానీ ఇంజిన్ హెడ్డు దక్కింది.

మర్నాడు ఊళ్లో మా మెకానిక్ భాయ్ షెడ్డుకు తీసుకెళ్లాను. అంతకు ముందు పెద్ద ఊళ్లో ఒక వర్క్‌షాపుకు ఫోన్ చేస్తే, బండి చూడకుండానే రేడియేటర్, వాటర్ పంపు రెండూ మార్చాలని అంచనా చెప్పేశారు. భాయ్ అలాంటివాడు కాదు. అయినా ఆయన కూడా రేడియేటర్ దగ్గరే మొదలుపెట్టాడు. "పలకల దుమ్ము మేడం, మన ఊరి బండ్లన్నిటికీ ఇదే రోగం" అన్నాడు. అందులో నిజముంది. మార్కాపురం పలకల ఊరు. క్వారీల వైపు, పలకల ఫ్యాక్టరీల వైపు తిరిగే బండ్లకు ఆ మెత్తటి దుమ్ము కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య పేరుకుపోతుంది. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, వెనక ఉన్న మట్టి కనపడదు. అందుకని ముందు ఆ పని చేశాం. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టాం. ఎక్కువ ఒత్తిడితో కొడితే రేడియేటర్ రెక్కలు వంగిపోయి అసలుకే గాలి ఆడదు. మట్టి బాగానే వచ్చింది. వేడి మాత్రం ఐడిల్‌లో రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గలేదు.

"ఇంక రేడియేటరే మేడం" అన్నాడు భాయ్. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే బండి తన రోగాన్ని తానే చెబుతోంది. గిద్దలూరు రోడ్డులో 80లో పోతుంటే ఎండలో కూడా 91, 92 దాటడం లేదు. రేడియేటర్ లోపల పూడుకుపోయినా, వాటర్ పంపు రెక్కలు అరిగినా, థర్మోస్టాట్ సగమే తెరుచుకున్నా, అది ఇంజిన్ మీద భారం ఎక్కువైనప్పుడు బయటపడాలి, అంటే వేగంగా పోతున్నప్పుడు, ఎత్తు ఎక్కుతున్నప్పుడు. మాది వేగంలో బాగుంది, ఆగితేనో, పాకితేనో మాత్రమే కాగుతోంది. వేగంలో ఫ్యాన్ అవసరం పెద్దగా ఉండదు, ఎదురుగాలే సరిపోతుంది. ఆగినప్పుడు, పాకుతున్నప్పుడు ఫ్యానే దిక్కు. నీళ్ల లోపమా గాలి లోపమా అన్నది ఈ ఒక్క తేడాతో చాలావరకు విడదీయొచ్చు. ఇది తేలకుండా ఏ భాగమూ కొనకూడదన్నది నా పట్టు.

అయినా మిగతావి పక్కన పెట్టలేదు. రేడియేటర్ మూత మీద అది ఆపే ఒత్తిడి అంకె 1.1 అని ముద్ర ఉంది, స్ప్రింగ్ గట్టిగా ఉంది, రబ్బరు పగల్లేదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, మూత తీసి ఉంచి చూస్తే బుడగలు రాలేదు, మూత పెట్టి స్టార్ట్ చేసినా పై గొట్టం వెంటనే బిగుసుకుపోలేదు, కూలెంట్ తగ్గడం లేదు, కాబట్టి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్డు కింద ఉండే సీలు) మీద అనుమానం పోయింది. థర్మోస్టాట్ తీసి పాత గిన్నెలో నీళ్లు పోసి థర్మామీటర్ పెట్టి మరిగించాను. దాని మీద 82 అని ఉంది, దాదాపు అక్కడే తెరుచుకోవడం మొదలైంది. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడకండి, కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. కుక్కలు ఆ తీపికి నాకుతాయి, పిల్లులకూ ప్రమాదమే, కింద ఒలికితే వెంటనే కడిగేయాలి.

ఇక ఫ్యాన్ కప్లింగ్ సంగతి. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే పరీక్షలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

క్వాలిస్, పాత డీజిల్ ఇన్నోవా, స్కార్పియో లాంటి బండ్లలో ఇంజిన్ పొడవుగా కూర్చుని ఉంటుంది, దాని ముఖం రేడియేటర్ వైపే ఉంటుంది. అందుకని వాటర్ పంపు పుల్లీకే ఫ్యాన్ బిగించడం తేలిక. చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, పుల్లీ పక్కకు చూస్తుంది, అందుకే వాటికి కరెంటు ఫ్యాను. అయితే పుల్లీకి ఫ్యాన్‌ను నేరుగా బిగించేస్తే ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే ఫ్యాన్ కూడా అంత వేగంగా తిరుగుతుంది. ఫ్యాన్ వేగం రెట్టింపయితే దాన్ని తిప్పడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది. అంటే హైవే మీద, అవసరమే లేని చోట, ఫ్యానే బోలెడంత డీజిల్ తాగేస్తుంది. అందుకే మధ్యలో ఈ కప్లింగ్.

దాని లోపల పుల్లీతో తిరిగే ఒక చక్రం, ఫ్యాన్ బిగించిన బయటి డబ్బా ఉంటాయి. రెండూ ఒకదానికొకటి తగలవు. ఎదురెదురుగా సన్నటి వలయాల గాడులు, వాటి మధ్య చాలా చిక్కటి సిలికాన్ ఆయిల్. బెల్లం పాకంలో గరిటె తిప్పితే గిన్నె కూడా దాంతో పాటు కదిలినట్టు, లోపలి చక్రం ఆయిల్‌ను పట్టుకుని డబ్బాను తిప్పుతుంది. ఆయిల్ అంతా ఎప్పుడూ గాడుల్లో ఉండదు. ముందువైపు ఒక చిన్న అర విడిగా ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ అక్కడ నిలవ ఉంటుంది. కప్లింగ్ ముఖం మీద చుట్ట చుట్టిన రేకు కనిపిస్తుంది, అది రెండు లోహాలు అతికించిన రేకు. రేడియేటర్ మీదుగా వచ్చే గాలి వేడెక్కితే ఆ చుట్ట మెలితిరిగి లోపలి వాల్వు తెరుస్తుంది, ఆయిల్ గాడుల్లోకి వస్తుంది, ఫ్యాన్ పుల్లీ వేగాన్ని దాదాపు అందుకుంటుంది. గాలి చల్లబడితే వాల్వు మూసుకుంటుంది, తిరిగే వేగానికే ఆయిల్ మళ్లీ అరలోకి పోతుంది, ఫ్యాన్ నెమ్మదిస్తుంది. కరెంటు లేదు, సెన్సర్ వైరు లేదు. ఇంత తెలివైన వస్తువు ఇంత సాదాగా ఉండడం నాకు ఎప్పటికీ అబ్బురమే. ఇంటర్ పిల్లలకు స్నిగ్ధత పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు దీన్నే ఉదాహరణగా చెబుతున్నాను.

అన్నట్టు, పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఫ్యాన్ గట్టిగా హోరుమనడం, ఒకటి రెండు నిమిషాల్లో ఆ హోరు తగ్గడం జబ్బు కాదు. రాత్రి బండి నిలబడి ఉన్నప్పుడు ఆయిల్ కొంత గాడుల్లోకి జారుతుంది, తిరగడం మొదలయ్యాక మళ్లీ అరలోకి పోతుంది. ఆ హోరు వినపడటం కప్లింగ్‌లో ఆయిల్ ఉందనడానికి ఒక మంచి గుర్తు. మా బండి పొద్దుటి హోరు ఎప్పుడు ఆగిపోయిందో ఇంట్లో ఎవరం గమనించలేదు.

పరీక్షలకు ముందు ఒక్క మాట. చున్నీ, పైట కొంగు, కండువా, వదులు చేతులు, మెడలో గొలుసు, ఏవీ తిరిగే ఫ్యాన్ దరిదాపుల్లో ఉండకూడదు. నేను చున్నీ తీసి కారులో పడేశాకే బానెట్ ఎత్తుతాను. కొందరు పాత మెకానిక్‌లు తిరిగే ఫ్యాన్‌కు చుట్టిన పేపరు అడ్డం పెట్టి ఆపి చూపిస్తారు, ఆగితే కప్లింగ్ పోయిందని తీర్పు. దయచేసి ఎవరూ అది చేయకండి. ప్లాస్టిక్ రెక్క విరిగి ఎగిరితే కన్ను పోతుంది, పైగా అది చెప్పేదాని కన్నా ఎక్కువ విషయాలు చెప్పే పరీక్షలు చాలా ఉన్నాయి.

ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, ముందు కళ్లతో చూశాం. కప్లింగ్ ముఖం మీద మధ్య నుంచి అంచుకు కిరణాల్లా జిడ్డు చారలు, వాటి మీద దుమ్ము అంటుకుని నల్లటి పొర. సీలు నుంచి సిలికాన్ కారినప్పుడే అలా అవుతుంది. కొద్దిపాటి చెమ్మ చాలా పాత కప్లింగ్‌లకు ఉంటుంది, చారలు కట్టిందంటే ఆయిల్ పోతున్నట్టే. ఆ చుట్ట రేకు కూడా మట్టిలో కూరుకుపోయి ఉంది. మట్టి కప్పితే అది గాలి వేడిని సరిగా పసిగట్టలేదు. అందుకని మెత్తటి బ్రష్‌తో తుడిచి ఒకసారి చూశాం, మా విషయంలో తేడా రాలేదు. ఆ తర్వాత రెక్క కొనలు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే కొద్దిగా కదలిక తెలిసింది. బేరింగ్ అరిగింది. ఈ కదలికను తేలిగ్గా తీసుకోకూడదు. ఊగే ఫ్యాన్ బరువంతా వాటర్ పంపు బేరింగ్ మీద పడుతుంది, కొన్నాళ్లకు అదీ పోతుంది.

చేత్తో తిప్పి చూడటం అందరికీ తెలిసిందే. ఇంజిన్ ఆపి ఉండగా ఫ్యాన్‌ను ఒక్క తోపు తోస్తే బాగున్న కప్లింగ్ బరువుగా కదిలి వెంటనే ఆగుతుంది. తేలిగ్గా రెండు మూడు చుట్లు తిరిగేస్తే లోపల పట్టుకునేది లేదు. ఇంజిన్ బాగా వేడిగా ఉండగా ఈ పరీక్ష ఎక్కువ నిజం చెబుతుంది, ఎందుకంటే అప్పుడు వాల్వు తెరిచి ఆయిల్ గాడుల్లో ఉండాలి. మాది వేడిలో కూడా గాలిపటం చరఖాలా తిరిగింది. భాయ్ ముఖం అప్పుడే మారింది గానీ, "కొంచెం వీకే, కానీ తిరుగుతోంది కదా మేడం" అన్నాడు.

అందుకని అంకెలతో చూపించాలనుకున్నాను. ఫ్యాన్ ఒక రెక్క కొనకు, వాటర్ పంపు పుల్లీ అంచుకు వైట్‌నర్‌తో ఒక్కో చుక్క పెట్టాను. ఎండ పడేలా బండి నిలబెట్టి, రేడియేటర్ ముందు అట్ట అడ్డం పెట్టి, ఏసీ వేసి, ఇంజిన్ వేడెక్కనిచ్చాం. అట్ట వల్ల గాలి తగ్గి కప్లింగ్ పట్టుకోవాల్సిన పరిస్థితి త్వరగా వస్తుంది, కంపెనీ మాన్యువళ్లలో కూడా ఇలాంటి పద్ధతే ఉంటుంది. డాంగిల్ అంకె మీద ఒక కన్ను ఉంచాలి, 105 దగ్గరికి వస్తే అట్ట తీసేయాలి. 100 దాటాక ఫోన్‌ను స్టాండుకు పెట్టి స్లో మోషన్‌లో తీశాను. నా ఫోన్ సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంది. ఇంట్లో ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూస్తే పుల్లీ చుక్క 16 ఫ్రేములకు ఒక చుట్టు పూర్తి చేస్తోంది. ఫ్యాన్ చుక్కకు 50 ఫ్రేములు పడుతోంది. అంటే పుల్లీ వేగంలో మూడో వంతు కూడా ఫ్యాన్‌కు అందడం లేదు. చల్లగా ఉన్నప్పుడు ఆ వేగం మామూలే, కప్లింగ్ వదిలేసి ఉండాల్సిన సమయం అది. నీళ్లు 100 దాటి, గాలి మంటలా ఉన్నప్పుడు కూడా అంతే వేగమంటే అది పట్టుకోవడం మానేసింది.

ఈ వీడియో చూపించాక భాయ్ ఇంకేం వాదించలేదు. రెండుసార్లు చూసి, నా ఫోన్ నుంచి తన ఫోన్‌కు పంపించుకున్నాడు. మామూలు కంటికి 50 ఫ్రేముల ఫ్యాన్, దానికన్నా రెండు మూడు రెట్లు వేగంగా తిరిగే మంచి ఫ్యాన్ రెండూ గిర్రున తిరుగుతున్నట్టే కనిపిస్తాయి. అందుకే ఇన్ని బండ్లలో ఇది దొరక్కుండా పోతోంది.

తర్వాతి ప్రశ్న, ఆయిల్ నింపడమా, కొత్తది కొనడమా. సిలికాన్ ఆయిల్ నింపడం ఉత్తుత్తి చిట్కా ఏమీ కాదు. టొయోటానే ఈ పనికి 18 మిల్లీలీటర్ల చిన్న ట్యూబులు అమ్ముతుంది, 3000, 6000, 10000 అని చిక్కదనాన్ని బట్టి రకాలు. విదేశాల్లో పాత ల్యాండ్ క్రూయిజర్లు ఉన్నవాళ్లు కప్లింగ్ విప్పి ఆ ఆయిల్ నింపి, ఏళ్ల తరబడి నడుపుకుంటారు. కానీ దానికి రెండు షరతులు. కప్లింగ్ మరలతో విప్పేదై ఉండాలి, సీలూ బేరింగూ బాగుండాలి. మాదాంట్లో బేరింగ్ ఊగుతోంది, సీలు కారుతోంది. నింపినా ఆ ఆయిల్ మళ్లీ ఆ దారినే పోతుంది. గ్రీజో, గేర్ ఆయిలో పోస్తే పనైపోతుందని చెప్పేవాళ్లు కూడా తగిలారు. వేడి మారినా సిలికాన్ ఆయిల్ చిక్కదనం మిగతా నూనెలంత ఎక్కువగా మారదు, ఆ గుణం కోసమే దాన్ని పెడతారు. మామూలు నూనె ఆ పని చేయదు.

కొత్తదే తెప్పించాం, ఒంగోలు నుంచి. మాకు అంచనా వేసి చెప్పిన రేడియేటర్ ఖర్చులో సగం కూడా కాలేదు. బిల్లుతో, పార్ట్ నంబర్ సరిచూసి కొనండి. బయట చూడటానికి అచ్చం ఒకేలా ఉండి, వేరే వేడి దగ్గర పట్టుకునేవి కూడా ఉంటాయి. డబ్బా మీద నిలువుగా ఉంచమని బాణం గుర్తు ఉంది. దీన్ని పడుకోబెట్టి దాచకూడదు, లోపలి ఆయిల్ బేరింగ్ లోకి, సీలు లోకి చేరుతుంది. షాపులో అల్మారాలో ఎలా పెట్టారో అడిగి చూసి తీసుకున్నాను, షాపాయన కొంచెం విచిత్రంగా చూశాడు.

బిగించడంలో పెద్ద కష్టమేమీ లేదు, రెండు జాగ్రత్తలు తప్ప. మాదానికి పుల్లీ మీద నాలుగు నట్లు. బెల్టు ఉండగానే ఆ నట్లు వదులు చేయాలి, బెల్టు తీసేశాక పుల్లీ తిరిగిపోతుంది, నట్టు కదలదు. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు కూడా ఫ్యాన్‌తో పాటే బయటికి రావాలి, అప్పుడు రెక్కలు తగిలి రేడియేటర్ చిల్లు పడకుండా మధ్యలో అట్ట పెట్టాం. ఫ్యాన్‌ను కొత్త కప్లింగ్‌కు బిగించేటప్పుడు ఏ వైపు ముందుకు ఉండాలో చూసుకోవాలి, తిరగేసి బిగిస్తే తిరుగుతుంది గానీ గాలి సరిగా లాగదు. రెక్కల మొదళ్ల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూశాం. ఆ ప్లాస్టిక్ తొడుగు విరిగిందని కొందరు దాన్ని తీసేసి తిరుగుతుంటారు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ మీదుగా కాకుండా పక్కల నుంచి గాలి లాగుతుంది, కొత్త కప్లింగ్ వేసినా ప్రయోజనం సగమే.

మళ్లీ అదే పరీక్ష చేశాం, అదే చోట, అదే ఎండలో. 97 దగ్గర హోరు మొదలైంది. బానెట్ కిందనుంచి ఒక పెద్ద ఊపిరి వచ్చినట్టు చప్పుడు, ముందు నిలబెట్టిన అట్ట రేడియేటర్‌కు అతుక్కుపోయింది. కాసేపటికి 92కి దిగి, హోరు తగ్గింది. వీడియోలో ఫ్యాన్ చుక్క 19 ఫ్రేములకు ఒక చుట్టు. బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఏసీ చల్లగా వస్తోంది. ఆ తర్వాత దోర్నాల ఘాట్ ఎక్కాం. లారీల వెనక పాకినా 98 దాటలేదు. సుండిపెంట చేరేదాకా మామయ్య దృష్టి ఫోన్ అంకెల మీదే.

ఈ మామయ్య దగ్గరే ఇంకో పాత డీజిల్ బండి ఉంది. అందులో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సమస్య. ఎప్పుడో ఒక డ్రైవరు కప్లింగ్ వీకైందని బోల్టు కొట్టి డైరెక్ట్ చేసేశాడు, అంటే ఫ్యాన్ ఎప్పుడూ పుల్లీతో సమానంగా తిరుగుతుంది. వేడెక్కే సమస్య తీరింది గానీ, మూడో గేరు దాటితే ఆటోలో కూర్చున్నంత మోత. పొద్దున ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఎక్కువ వేగంలో రెక్కలు విరిగే ప్రమాదం కూడా ఉంది, అవి ఆ వేగానికి చేసినవి కావు. ఘాట్ మధ్యలో చిక్కుకుని ఇంటికి చేరడానికి అయితే సరే, ఏళ్ల తరబడి అలా నడపడం సరికాదని నచ్చజెప్పి ఒప్పించాను. దానికి నాలుగు నట్లు లేవు, ఒకటే పెద్ద నట్టు, ఎడమ మర, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులయ్యేది. కుడి మర అనుకుని బలంగా తిప్పితే మరింత బిగుస్తుంది, వాటర్ పంపు షాఫ్ట్ కూడా పాడవుతుంది. సరైన సైజు పలచటి స్పానర్ కోసం భాయ్ ఒంగోలులో చెప్పి ఉంచాడు, అది రాగానే విప్పుతాం.